ఎవరో పెట్టిన ఊరగాయ

మా మేనల్లుడికి ఆట గెలవాలి, ఆడడం మాత్రం కుదరదు. అందుకని ఎవరో పుణ్యాత్ముడు వంద శాతం పూర్తిచేసి పెట్టిన సేవ్ ఫైల్‌ను, అంటే ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచిపెట్టే ఫైల్‌ను, దింపుకుంటాడు. వైరస్ వస్తుందేమోరా అంటే, "సేవ్ ఫైలే కదా మామయ్యా, అందులో ఏముంటుంది?" అని నా మీద జాలిపడతాడు.

ఏముంటుందో మనవి చేస్తాను. నింటెండో వీ అనే ఆటల పెట్టె మీద ఆడే ‘జెల్డా: ట్విలైట్ ప్రిన్సెస్’లో ఒక గుర్రం ఉంది. దానికి మనమే పేరు పెట్టుకోవచ్చు. 2008లో కొందరు ఘనులు సేవ్ ఫైల్లో ఆ పేరును సాగదీశారు. ఎంతగా అంటే, పేరుకిచ్చిన చోటు చాలక పక్కనున్న మెమరీలోకి పొర్లింది. ఆట తెరిచి ఎదుట నిలబడ్డ పెద్దమనిషిని పలకరిస్తే చాలు, ఆ పెట్టెకి కంపెనీ వేసిన తాళాలన్నీ ఊడి, వాళ్లు రాసిన ప్రోగ్రాం నడిచేది. కేవలం గుర్రం నామకరణంతో! మా పెదనాన్న పేరు, నలుగురు తాతల్ని కలుపుకుని, బ్యాంకు ఫారం గళ్లలో ఏనాడూ పట్టలేదు. అయినా ఒక్క లాకరూ తెరుచుకోలేదు పాపం.

సరే, వాళ్లు విప్పుకున్నది సొంత పెట్టెలే. మరి రెన్‌పై అనే సాఫ్ట్‌వేర్‌తో తయారయ్యే కథల ఆటల సంగతో? అవి సేవ్‌ను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని ‘పికిల్’ పద్ధతిలో దాస్తాయి. పేరులోనే ఊరగాయ. ఆ జాడీ మూత తీస్తే, పెట్టినవాడు లోపల ఏ కోడ్ కలిపితే అది మన కంప్యూటర్లో నడవగలదు. నమ్మకం లేని పికిల్ తెరవొద్దని పైథాన్ వాళ్లే హెచ్చరించారు. వేరే కంప్యూటర్లో చేసిన సేవ్ అయితే రెన్‌పై కూడా 2023 నుంచి ఆగి, తెరవమంటారా అని అడుగుతోంది. మావాడు చదవకుండానే ‘ఎస్’ నొక్కుతాడు. పక్కింటి పిన్నిగారి ఆవకాయకే "నూనె ఏది వాడారు?" అని ఆరాతీసే ఇంట్లో పుట్టాడండీ వీడు!

ఇంకో రకం ఉంది. సేవ్ అని పేరు, లోపల ఈఎక్స్‌ఈ, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రాం. జిప్‌కి పాస్‌వర్డ్, యాంటీవైరస్ తొంగిచూడకుండా. పక్కనే సలహా: "యాంటీవైరస్ ఆపేయండి, అది ఊరికే అరుస్తుంది." ఇది రాసే వెధవకి అవతలున్నది పన్నెండేళ్ల పిల్లాడని తెలుసు. తెలిసే రాస్తాడు. అదే కంప్యూటర్లో మా బావ బ్యాంకు లాగిన్, అక్క మెయిల్ ఉంటాయి. మనం లాగిన్ అయ్యామని గుర్తుంచుకునే బ్రౌజర్‌లోని కుకీలు ఎత్తుకుపోతే ఓటీపీ అడగకుండానే ఆ మెయిల్ తెరుచుకోవచ్చు. దొంగ హాయిగా ఉంటాడు, వీపు వాచేది పిల్లాడికి.

నిన్న వాడి పక్కన కూర్చుని మొదటి నుంచీ ఆడించాను. మూడు గంటలు. చచ్చినన్ని సార్లు చచ్చాం. నాలుగు శాతం దగ్గర సేవ్ చేశాం.

"మామయ్యా, దీన్ని అప్‌లోడ్ చేద్దామా?" అన్నాడు.