ఫైటర్ చేప గాలి పీలుస్తుంది సరే, అమ్మోనియా ఎటు పోతుంది?

ఇళ్ళలో పెంచే ఫైటర్ చేప (బెట్టా) గురించి వైజాగ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫార్వర్డ్ సారాంశం ఇది: "ఫైటర్ చేప బురద గుంటలో పుట్టింది, లీటరు సీసా చాలు. గాలి పీల్చుకుంటుంది కాబట్టి ఫిల్టర్ దండగ. వారానికోసారి నీళ్ళన్నీ పారబోసి బాదం ఆకు వేయండి. మన ఊళ్ళో హీటర్ ఎందుకు? పెద్ద తొట్టిలో వేస్తే బెదిరి చస్తుంది."

ముందు బురద గుంట సంగతి. ఈ చేప పుట్టిల్లు థాయ్‌లాండ్ చిత్తడి నేలలు, వరి మడులు. అనకాపల్లి వైపు మడి ఒకటి తలుచుకోండి. నీళ్ళు జానెడు లోతే, కానీ గట్టు నుంచి గట్టు దాకా పరుచుకుని ఉంటాయి. అడుగున మట్టి, పక్కన మొక్కలు చేప వదిలినదాన్ని లాగేసుకుంటాయి. మడి ఎండి గుంట మిగిలితే కొన్నాళ్ళు అందులో ఓర్చుకుంటుంది, అంతే.

అసలు తిరకాసు రెండో మాటలో ఉంది. తలలోని ప్రత్యేక అవయవంతో పైగాలి పీలుస్తుందన్నది నిజమే. కానీ అది ఆక్సిజన్ తెచ్చుకునే దారి. ఒంట్లో తయారయ్యే విష వ్యర్థం అమ్మోనియా బయటికి పోయేది మొప్పల గుండా, నీళ్ళలోకే. లెక్క కట్టి చూడండి. రోజుకి 40 మిల్లీగ్రాముల గుళికలు వేశారు, అందులో 40 శాతం ప్రోటీన్ అనుకుందాం. అంటే 16 మిల్లీగ్రాముల ప్రోటీన్. దాంట్లో ఆరో వంతు నైట్రోజన్, రెండున్నర మిల్లీగ్రాములు. సగమే అమ్మోనియాగా వచ్చిందనుకున్నా లీటరు సీసాలో రోజుకి లీటరుకి 1.25 మిల్లీగ్రాములు చేరుతుంది. అదే 18 లీటర్ల తొట్టిలో అయితే 0.07. మూడో రోజుకే సీసాలో చేప రెక్కలు ముడుచుకుని, మొప్పలు ఎర్రబడి, పైకి వచ్చి నోరు తెరుస్తుంటే "గాలి పీలుస్తోంది చూడండి" అని మురిసిపోతారు!

ఫిల్టర్ పని గాలి ఇవ్వడమొక్కటే కాదు. స్పాంజిలో చేరే బాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా (ఇదీ విషమే), దాన్ని అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి. చిన్న స్పాంజి ఫిల్టర్, చిన్న ఎయిర్ పంపు, గాలి తగ్గించుకునే వాల్వు, కరెంటు పోతే నీళ్ళు పంపులోకి వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వు కావాలి. పొడవు రెక్కల చేపకి ప్రవాహం మెల్లగా ఉండాలి. బాక్టీరియా పెరగాలంటే చేప వేయకముందే, రోజూ కాసిని గుళికలు వేస్తూ 4 నుంచి 6 వారాలు నడపాలి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చాకే చేప. ఇప్పటికే నడుస్తున్న తొట్టిలో స్పాంజి ముక్క దొరికితే అంతకాలం పట్టదు.

ఇక "నీళ్ళన్నీ పారబోయడం". కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది, అది మొప్పల్నీ బాక్టీరియానీ కూడా కాలుస్తుంది. వారానికి నాలుగో వంతు, అంటే 4–5 లీటర్లు మార్చితే చాలు. వెడల్పు బకెట్‌లో ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) పెట్టి 24 గంటలు ఉంచిన నీళ్ళు కానీ, యాంటీ క్లోరిన్ డబ్బా మీద రాసిన కొలతతో కలిపినవి కానీ వాడండి. తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళలోనే స్పాంజిని పిండాలి, కుళాయి కింద కాదు.

బాదం ఆకు మంచిదే. వీధి చెట్టు కింద రాలిన ఎండుటాకుని కడిగి, తొట్టికి ఒకటి వేస్తే నీళ్ళు టీ రంగు తిరుగుతాయి. అమ్మోనియాని మాత్రం అది తీసేయదు. దీనికి తోడు ఆర్కే బీచ్ నుంచి ఇసుక, గవ్వలు తెచ్చి వేసే అలవాటొకటి. గవ్వల సున్నం పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) పెంచుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి ఎక్కితే అమ్మోనియాలో విషం వాటా దాదాపు తొమ్మిది, పది రెట్లవుతుంది. అనుమానమున్న రాయి మీద వెనిగర్ చుక్క వేయండి, నురగ వస్తే పక్కన పెట్టండి.

హీటర్ విషయంలో ఫార్వర్డ్‌కి సగం మార్కులు. వేసవిలో అక్కర్లేదు. డిసెంబర్, జనవరి రాత్రుళ్ళు, ఏసీ గదుల్లో నీళ్ళు 24 డిగ్రీల కిందికి జారతాయి. చేపకి కావాల్సింది 24–28. థర్మోస్టాట్ ఉన్న 25 వాట్ల హీటర్‌ని 26 దగ్గర పెట్టండి. నీళ్ళు మార్చే 15 నిమిషాల ముందు స్విచ్ ఆపాలి. వేడి హీటర్ బయట గాలి తగిలితే గాజు పగులుతుంది.

పెద్ద తొట్టిలో బెదిరేది ఖాళీగా ఉన్నప్పుడే. ఆకులు, మొక్కలు వేసి చేప ఆనుకునే చోటు ఇవ్వండి. ఎత్తు కంటే పొడవు ఎక్కువుండాలి. గాజు షాపులో 40×25×25 సెంటీమీటర్లు, 5 మిల్లీమీటర్ల గాజు అని చెప్పండి. ఫంగస్ మందు కలపని సిలికాన్ అడిగి, అతికించాక వారం ఆరనివ్వండి. పైన 4 సెంటీమీటర్లు వదిలి నింపితే ఇసుక, గాజు మందం పోను 17–18 లీటర్లు. మొత్తం బరువు దాదాపు 28 కిలోలు, కాబట్టి గట్టి బల్ల, కింద థర్మకోల్ షీటు. మూత తప్పనిసరి, ఈ చేప ఎగురుతుంది. మూతకీ నీటికీ మధ్య ఆ నాలుగు సెంటీమీటర్ల గాలి దాని ఊపిరికే.