సాయంత్రం అయిదింటి టీ గారికి ఒక ఇల్లాలి విన్నపం

అయ్యా టీ గారూ,

నెల్లూరు నుంచి రాస్తున్నాను. మీ మీద నాకేం కోపం లేదు. పొద్దున్నే మీరు గొంతులో పడకపోతే నాకూ బుర్ర పనిచేయదు. కానీ ఈ మధ్య మా ఇంట్లో మీకు ప్రమోషన్ వచ్చింది. మొన్నటిదాకా మీరు ఉత్త టీ. ఇప్పుడు 'మన విలువలు'.

పాతకాలం కుటుంబాలు చల్లగా ఉన్నది సాయంత్రం అందరూ కూర్చుని టీ తాగబట్టేనని మా ఆయనకు ఎవరో చెప్పారు. ఇంకేముంది, రూల్స్ వచ్చాయి. అయిదింటికి అందరూ హాల్లో ఉండాలి. ఫోన్లు డబ్బాలో పడేయాలి. పింగాణీ కప్పులు పనికిరావు, స్టీలు గ్లాసులే. టీ బ్యాగు ముంచితే సంస్కారం పోతుంది కాబట్టి అల్లం దంచాలి, పాలు పొంగాలి, వడగట్టాలి. ఎవరు దంచాలన్నది మాత్రం రూల్స్‌లో లేదు.

"మా చిన్నప్పుడు సంతపేట ఇంట్లో అందరం కలిసే తాగేవాళ్లం" అంటారాయన. అందరం అంటే ఎవరెవరని అత్తమ్మను అడిగాను.

"మీ మామయ్య, పిల్లకాయలు, వచ్చినోళ్లు. నేను పొయ్యికాడ ఉండేదాన్ని. అందరూ తాగినాక ఆ పొడిలోనే ఇన్ని నీళ్లు పోసుకుని మళ్లీ కాచుకునేదాన్ని" అంది.

ఆయన జ్ఞాపకంలో ఆ రెండో కాపు లేదు.

మీ పాతదనం సంగతి కూడా కాస్త మాట్లాడుకుందాం. ఋషులు తాగి తపస్సుకు కూర్చున్నట్టు చెబుతారు మా ఆయన. ఎగుమతయ్యే టీ మీద 1903లో తెల్లదొరలు సెస్సు వేసి, ఆ డబ్బుతో మీకు ప్రచారం చేయించారు. 1930ల్లో బయట ధరలు పడిపోయాక తోటల వాళ్ల కన్ను గట్టిగా మన మీద పడింది. ఉచితంగా కాచి పోశారు. ఎలా కాచుకోవాలో రైల్వే స్టేషన్లలో బోర్డులు పెట్టి మరీ నేర్పారు. మా ఇంట్లో ఇప్పుడు ఫోన్లు లాక్కుని కాపాడుకుంటున్న సంప్రదాయం ఆ అడ్వర్టైజ్‌మెంటే.

అంతకంటే పాత విలువలు కావాలంటే దూరం పోనక్కర్లేదు. పెన్న ఒడ్డున పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని గాంధీ గారే వచ్చి 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. టీ, కాఫీ, కోకో ఒంటికి అక్కర్లేదని రాసిందీ ఆయనే. ఈ మాట చెబితే మా ఆయన "మరీ అంత పాతవి వద్దులే" అన్నారు. ఆయన పాతకాలం ఆయన బడికి పోయిన రోజు మొదలై, ఉద్యోగంలో చేరిన రోజు ముగుస్తుంది.

ఇక కుటుంబ ముచ్చట్లు. కూర్చోగానే ఆయన మార్కుల సంగతెత్తుతారు. అబ్బాయి నోరు కాలుతున్నా ఒక్క గుక్కలో తాగేసి లేస్తాడు. అమ్మాయి "నాకు పాలు చాలు" అని తప్పించుకుంటుంది. నిజానికి ఈయనకూ మీరంత రుచించరు. వచ్చేదారిలో ట్రంకు రోడ్డు బంకులో స్నేహితులతో ఒక రౌండు అయిపోయి ఉంటుంది. అక్కడ ఫోన్లకు డబ్బా లేదు లెండి.

అందుకని అత్తమ్మ, నేను తీర్మానించాం. ఆదివారం నుంచి మీరు ఆయన చేతుల మీదుగానే రావాలి. మొదటి గ్లాసు అత్తమ్మకు. ఆయన ఒప్పుకున్నారు గానీ, అప్పటినుంచీ టీపొడి డబ్బా ఎక్కడుందని అడుగుతూనే ఉన్నారు. మీరైనా చెప్పండి. నేను చెప్పను.

ఇట్లు,
మీకు రోజూ అల్లం దంచే మనిషి