మా వీధి కింది పైపు తాతగారికి

తాతగారికి నమస్కారాలు. మేమిక్కడ క్షేమం అని రాయబోయి, పొద్దున వచ్చిన నీళ్లు గుర్తొచ్చి ఆగాను.

మా అత్తయ్య నాలుగున్నరకే లేచి గేటు పక్క మీకు తగిలించిన చేతిపంపు మూతికి పాత పంచె గుడ్డ కడుతుంది. మొదటి రెండు బిందెలు కాలవలో పారబోసి, మూడోది దోసిట్లో పట్టి వాసన చూస్తుంది. "పరవాలేదే" అంటే వంటకి. మొహం చిట్లిస్తే బట్టలకి. గుడ్డ విప్పితే టీపొడిలా తుప్పు. మా చెన్నై జార్జ్‌టౌన్‌లో ఎదురింటివాళ్లని "కాఫీ అయిందా" అని అడగం, "ఇవాళ వాసనుందా" అని అడుగుతాం.

తప్పు మీదనను. కీల్పాక్‌లో నీళ్లు శుభ్రం చేసే కేంద్రం 1914లో మొదలైంది, మీరూ ఆ కాలం వారేనని వీధి పెద్దలంటారు. మాకైతే అరవైకే రిటైర్మెంట్. మీకు ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్. తుప్పు పేరుకుని మీ గొంతు పూడిపోయింది. పైగా పక్కనున్న డ్రైనేజీ లైనుతో స్నేహం ముదిరింది. సప్లై లేని వేళ మీలో ప్రెషర్ ఉండదు కదా, అప్పుడు ఎవరింట్లోనో మోటారు లాగిందా, ఆ డ్రైనేజీ ఆవిడగారి సరుకు మీ పగుళ్లలోంచి మా బిందెల్లోకి!

మీదాకా నీళ్లు తేవడానికి మేం పడని పాట్లు లేవు. 1983లో ఆంధ్రాతో ఒప్పందం రాసుకుని కృష్ణ నీళ్లు అక్కడి కండలేరు జలాశయం నుంచి మా పూండి జలాశయానికి తెచ్చుకున్నాం. మా తెలుగువాళ్లకైతే పుట్టింటి సారె వచ్చినంత సంబరం. దారిలో కాలవే సగం తాగేస్తుంటే, సత్యసాయి ట్రస్టు దాన్ని బాగుచేయించాక 2004లో ధార పెరిగింది. ఖజానా చేయాల్సిన పని స్వామివారి ట్రస్టు చేసిందేమిటని ఎవరూ పెద్దగా అడగలేదు లెండి, నీళ్లొచ్చాయి, చాలు. తర్వాత మీంజూరులో, నెమ్మేలిలో సముద్రాన్నే వడగట్టాం, మొదట్లో ఒక్కోచోట రోజుకి 10 కోట్ల లీటర్లు. 2019 ఎండల్లో జోలార్‌పేట నుంచి నీళ్లు రైలెక్కి వచ్చాయి, ట్రిప్పుకి 25 లక్షల లీటర్లు. ఎంత దూరం నుంచి వచ్చినా చివరికి దిగాల్సింది మీలాంటి తాతల గొంతుల్లోకే.

వాటికి రిబ్బన్లు కట్ చేశారు. మీరు మట్టి కింద పడుకున్నారు, మీకెవరు కట్ చేస్తారు?

కొత్త లైను వేయమంటే ఆఫీసులో ఒకాయన "బడ్జెట్ లేదమ్మా" అన్నాడు. లేకేం? వారానికి నాలుగు క్యాన్లు, ఏటా మార్చే ఫిల్టరు, వేసవిలో నీళ్ల లారీ, మా చిన్నవాడికి కామెర్లొచ్చినప్పుడు ఆసుపత్రి బిల్లు. ఇలా ఇంటింటా తీసి పోగేస్తే మీ పెన్షన్‌తో సహా సరిపోతుంది. అప్పు చేసి వేసినా తప్పేముంది? మీరు మూడు తరాలకు పోశారు, మీ తర్వాత వచ్చేదీ మనవల దాకా పోస్తుంది, వాయిదాలు వాళ్లూ కొన్ని కడతారు. మూడు రోజుల పెళ్లికి చేసే అప్పుకి ఎవరూ సిగ్గుపడరు.

ఈ ఏడాది మీకు మూడుసార్లు కట్టు కట్టారు. తవ్వడం, క్లాంపు బిగించడం, మట్టి కప్పి వెళ్లడం. ఆ గుంటలో ఆటోవాళ్లు రోజూ మిమ్మల్ని తలుచుకుంటూనే ఉన్నారు.

రేపు మళ్లీ తవ్వుతున్నారట. కొత్త పైపేమోనని ఆశగా అడిగాను. కాదట, కేబులట. గునపం పోటు జాగ్రత్త.

ఇట్లు,
మూడో ఇంటి కోడలు