టోక్యోకి వయా లండన్

మా అక్కయ్య మీద నాకు ఈమధ్య అనుమానంగా ఉంది. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ కూకట్‌పల్లి వదలని మనిషి. పాస్‌పోర్టు కూడా లేదు. అలాంటిది ఎవరి అనుమతీ లేకుండా, ఒక్క రూపాయి ఫీజు కట్టకుండా, రోజూ వంటింట్లో జపనీస్ వ్యాకరణం వాడేస్తోంది.

సంగతి బయటపడింది ఓ ఆదివారం మధ్యాహ్నం. మా మేనల్లుడు జపనీస్ పరీక్షకి చదువుతున్నాడు. ఎన్4 అంటారు, కింద నుంచి రెండో మెట్టు. నోట్సులో ఎర్ర పెన్నుతో గీత కొట్టి మరీ రాసుకున్నాడు: ‘తె మిరు: టు ట్రై డూయింగ్ సంథింగ్ అండ్ సీ ద రిజల్ట్.’ దాని కింద ఆరు ఉదాహరణలు, పక్కన రెండు ప్రశ్నార్థకాలు.

“చాలా టఫ్ మామయ్యా. అసలు ఈ కాన్సెప్టే మన బ్రెయిన్‌లో లేదు” అన్నాడు.

అప్పుడే అక్కయ్య రోట్లోంచి తీసిన గోంగూర పచ్చడి గరిటె చివర పట్టుకొచ్చింది. “కాస్త తిని చూడరా, ఉప్పు సరిపోయిందో లేదో.”

వాడు తిని చూశాడు. ఉప్పు తక్కువైందన్నాడు. మళ్ళీ నోట్సు వైపు తిరిగి ‘తబెతె మిరు, తబెతె మిరు’ అని వల్లెవేయడం మొదలెట్టాడు. తబెతె అంటే ఏమిట్రా అన్నాను. తిని, అన్నాడు. మిరు అంటే? చూడటం. “మరి తిని చూడటమేగా?” అన్నాను. నావైపు జాలిగా చూశాడు. “అలా లిటరల్‌గా తీసుకోకూడదు మామయ్యా. ఇంగ్లిష్‌లోనే థింక్ చెయ్యమని మా సార్ చెప్పాడు.”

సార్ చెప్పింది అక్షరాలా నిజమని, తెలుగువాడు జపనీస్ నేర్చుకోవాల్సిన ఏకైక రాజమార్గం అదేనని ఈ వ్యాసంలో నిరూపించదలిచాను.

ముందు బుర్రలో ఏం జరగాలో చూద్దాం. ‘వతషి వ గక్కో ని ఇకిమస్’ అని ఒక వాక్యం వచ్చింది. వతషి నేను, గక్కో బడి, ని అంటే కి, ఇకిమస్ వెళ్తాను. ‘నేను బడికి వెళ్తాను.’ ఇలా మాట పక్కన మాట పెట్టి చదువు లేనివాడు కూడా తేల్చేస్తాడు. అది చదువనిపించుకోదు. చదువుకున్నవాడు ముందు దాన్ని ‘ఐ గో టు స్కూల్’ చెయ్యాలి. అంటే చివరి క్రియని పీక్కొచ్చి మధ్యలో పాతాలి, బడి వెనకున్న ‘కి’ని లాక్కొచ్చి ముందు నిలబెట్టాలి. జవాబు చెప్పేటప్పుడు మళ్ళీ అన్నీ పీకి యథాస్థానాల్లో పెట్టాలి. ముక్కెక్కడంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమని పెద్దలు దీన్నే ఎగతాళి చేశారు. పాపం వాళ్ళకి తెలీదు, ఇప్పుడు దీన్ని ప్రాసెసింగ్ అంటారు.

ఈ మార్గం ఎంత గొప్పదంటే, దీనికి అమెరికా ప్రభుత్వం దగ్గర లెక్క కూడా ఉంది. ఆ దేశపు విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పిస్తుంది. జపనీస్‌ని అన్నిటికన్నా కష్టమైన వర్గంలో వేసి 88 వారాలు, 2200 తరగతి గంటలు కేటాయించింది. అది ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చినవాళ్ళకి కట్టిన లెక్క. మనవాళ్ళు దాన్ని ఎంతో వినయంగా తమకే కట్టారనుకుని ఆ 2200 అంకెని గోడకి అంటించుకుని టెన్షన్ పడుతున్నారు. పొరుగువాడి బీపీ రిపోర్టు చూసి మనం ఉప్పు మానేసినట్టు. అన్నట్టు ఆ లెక్కలో తెలుగుకి 1100 గంటలు పడతాయని ఉంది. మావాడి ఇంగ్లిష్ మీడియం చదువు చూశాక ఆ అంకె మాత్రం వాడికీ వర్తిస్తుందేమోనని నా భయం.

ఎర్ర ఇంకు గొడవ ఒకటి చెప్పాలి. ‘నాకు జపనీస్ అర్థమవుతుంది’ని జపనీస్‌లో ‘నిహొంగొ గ వకరిమస్’ అంటారు. జపనీస్ పక్కన ‘గ’ ఉంది చూశారా, అది కర్త పక్కన ఉండే ముక్క. మావాడు ప్రతిసారీ అక్కడ ‘ఒ’ రాస్తాడు, అది కర్మ పక్కనుండేది, మన ‘ని’ లాంటిది. సార్ ప్రతిసారీ సున్నా చుడతాడు. ‘ఐ అండర్‌స్టాండ్ జపనీస్’లో జపనీస్ కర్మే కాబట్టి మావాడి తప్పేమీ లేదు. అక్కయ్యని అడిగితే అర్థమయ్యేది భాషేనని, నాకు కాబట్టి ‘నాకు’ అంటామని చెప్పేది. ‘నేను జపనీస్‌ని అర్థమవుతాను’ అని ఆవిడ నిద్రలో కూడా అనదు. అందుకే ఆవిణ్ణి అడగకూడదు.

ఇలాంటి ప్రమాదాలు అడుగడుగునా ఉన్నాయి. ‘నొదొ గ కవైత’ అంటే అచ్చంగా గొంతు ఎండింది. ‘కినో కత్త హొన్’ అంటే నిన్న కొన్న పుస్తకం, మధ్యలో ‘విచ్’ లేదు, ‘దట్’ లేదు. ‘వస్తానని అన్నాడు’లో ఆ ‘అని’ చేసే పనే జపనీస్‌లో ‘తొ’ చేస్తుంది, అదీ మాట తర్వాతే. గుండె దడదడలాడితే వాళ్ళకి దొకిదొకి, నక్షత్రాలు మిలమిల మెరిస్తే కిరకిర, ఎవరైనా గడగడా మాట్లాడితే పెరపెర. ఇక ‘షిమౌ’ అనే సహాయక క్రియకైతే నోట్సులో పేజీన్నర ఉంది: కంప్లీషన్, రిగ్రెట్, అన్‌ఇంటెన్షనల్... మర్చిపోయాను, తినేశాను అనేటప్పుడు ఆ ‘పోయాను’, ‘ఏశాను’ ఏం చేస్తున్నాయో ఆ పేజీన్నరలో ఎక్కడా లేదు. ఉండకూడదు కూడా. ఉంటే పుస్తకం ఎవరు కొంటారు?

అక్షరాల విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. జపాన్ వాళ్ళ అక్షరమాల అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క స త న హ మ య ర వ. వరస ఎక్కడో విన్నట్టుందా? బౌద్ధ సన్యాసులు సంస్కృతం చదువుకునే రోజుల్లో మన వర్ణమాల వరసే అక్కడికి చేరింది. ‘స’ ఉన్న చోట మన ‘చ’, ‘హ’ ఉన్న చోట మన ‘ప’ పెట్టుకుని చదవండి, మిగతాది మీకే తెలుస్తుంది. ‘క కి కు కె కొ’ అని గుణింతం చదువుతారు. మావాడు ఈ గుణింతాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని నేర్చుకున్నాడు. దాంతో ఎక్కడ దీర్ఘమో ఎక్కడ కాదో తెలియకుండా పోయింది. క్లయింటు కంపెనీ నుంచి వచ్చిన ఒకాయన ఫోన్లో తన పిన్ని ఫొటో చూపిస్తే, ఒబసాన్ అనాల్సింది పోయి ఒబాసాన్ అన్నాడు. పిన్ని కాస్తా నాయనమ్మ అయింది. తెలుగులో రాసుకుని ఉంటే ఆవిడకి ఆ వయసు వచ్చేది కాదు.

కంజి అనే బొమ్మల అక్షరాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా వాదన కాస్త నీరసపడుతుంది. వాడుకలో ఉండాలని జపాన్ ప్రభుత్వం ఖాయం చేసిన బొమ్మలు 2136. వీటికి లండన్ మీదుగా వెళ్ళినా, విజయవాడ మీదుగా వెళ్ళినా దగ్గర దారి లేదు. ఆదివారాన్ని నిచియోబి అంటారు, మూడు బొమ్మలు. మొదటిదీ మూడోదీ ఒకే బొమ్మ. మొదటిచోట దాన్ని ‘నిచి’ అనాలి, మూడోచోట ‘బి’ అనాలి. ఇది చూసి మావాడు పుస్తకం మూసి అరగంట బాల్కనీలో నిలబడ్డాడు. నీళ్ళ బొమ్మని ఒంటరిగా ఉంటే మిజు అంటారు, వేరే బొమ్మతో జంట కడితే చాలాసార్లు సుయ్ అంటారు. మిజు సొంత మాట, సుయ్ చైనా నుంచి తెచ్చుకున్న మాట. మనం మాత్రం తాగేటప్పుడు నీళ్ళని, ఆనకట్ట దగ్గర జలాశయమని అనడం లేదా? కాకపోతే రెంటికీ ఒకే బొమ్మ వెయ్యం. ఈ మాట చెబుదామని బాల్కనీలోకి వెళ్ళాను కానీ, వాడి మొహం చూసి కాఫీ తాగుతావా అని అడిగి వచ్చేశాను.

మెదడు గురించి ఇంత మాట్లాడి శాస్త్రవేత్తల్ని తలచుకోకపోతే బాగుండదు. 1978 ప్రాంతంలో త్సునోడా తదానొబు అనే చెవి వైద్యుడు జపాన్‌లో పెద్ద దుమారం లేపాడు. పురుగుల రొద పాశ్చాత్యులకి కుడి మెదడులో చప్పుడుగా వినిపిస్తే, జపనీస్ మాట్లాడేవాళ్ళకి మాటలతో పాటు ఎడమ మెదడులోకి వెళ్తుందని, అచ్చులు ఎక్కువున్న భాష కావడమే కారణమని అన్నాడు. శాస్త్రలోకం పెద్దగా ఒప్పుకోలేదు, జనానికి మాత్రం తెగ నచ్చింది. మనదీ మాట చివర అచ్చు పలికే అజంత భాషే కదా అని నేనూ ఓ రాత్రి చెవులు రిక్కించాను. కూకట్‌పల్లిలో కీచురాళ్ళు ఎక్కడివి, బస్సు హారన్లు రెండు మెదళ్ళలోకీ సమానంగా దూరాయి.

పరీక్ష మాత్రం మావాడి సార్ సిద్ధాంతానికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. ఎన్5 నుంచి ఎన్1 దాకా ఏ మెట్టులోనూ మాట్లాడే పని లేదు, రాసే పని లేదు. చదివి, విని, పెన్సిల్‌తో గళ్ళు దిద్దాలి. అంటే జపాన్ మనిషికి నమస్కారం కూడా చెప్పకుండా ఎన్1 సర్టిఫికెట్ గోడకి తగిలించుకోవచ్చు. ఇంతకన్నా మర్యాదైన భాషాభ్యాసం ఉంటుందా? నోరు తెరిస్తే వచ్చే చిక్కులు మామూలువి కావు. బయటి కంపెనీవాడు ఫోన్ చేస్తే మన బాసు పేరుకి ‘సాన్’ తగిలించకూడదట. ‘సుబ్బారావు సీట్లో లేడండీ’ అనాలన్నమాట. లేడు మన బాసుకి, అండీ అవతలివాడికి. మావాడు ఆ వాక్యం అద్దం ముందు పదిసార్లు ప్రాక్టీస్ చేశాడు. పదిసార్లూ ‘గారు’ దొర్లింది.

డిసెంబరు మొదటి ఆదివారం పరీక్ష. ముందురోజు సాయంత్రం చెన్నై రైలుకి బయల్దేరుతుంటే అక్కయ్య గుమ్మం దాకా వచ్చింది. “పెన్సిళ్ళు కొని పెట్టుకున్నావా?”

“అయ్యో, మర్చిపోయానమ్మా!”

స్టేషన్లో కొనుక్కున్నాడు. సోమవారం తిరిగొచ్చి బ్యాగు సోఫాలో పడేసి కూలబడ్డాడు. ఎలా రాశావురా అన్నాను.

“పర్లేదు మామయ్యా. ఆ షిమౌ ప్రశ్న ఒక్కటే ఎంతకీ తెగలేదు” అన్నాడు. “వదిలేశాను.”