ఏడాది నిలిచే చిప్ వచ్చింది కాబట్టి పరిశోధన నిధులు దండగ అనే వాదనకు ఖండన

కొన్ని వారాలుగా మా బంధువుల వాట్సాప్ గ్రూపులలో ఒక సందేశం తిరుగుతోంది. చర్మం కింద అమరిస్తే ఏడాదిపాటు షుగర్ చెప్పే చిప్ అమెరికాలో వచ్చేసిందని, ఇక వేలు పొడుచుకునే పని లేదని, దాన్ని ప్రైవేటు కంపెనీ సొంత డబ్బుతో చేసుకుందని, అసలు స్ట్రిప్‌తో చూసుకునేవారికి ఈ పరికరాల వల్ల ఒరిగేదేమీ లేదని, కాబట్టి ఇలాంటి సెన్సర్ల పరిశోధనకు ప్రభుత్వాలు ఇచ్చే సొమ్ము మందులకు మళ్లించాలని దాని సారాంశం. పంపినవారిలో నేను గౌరవించే పెద్దలున్నారు. మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్లు, వాడికి టైప్ 1 మధుమేహం, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం. అందువల్ల ఆ సందేశాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేకపోయాను.

చిప్ వచ్చిందన్న మాట నిజం. సెన్సియానిక్స్ సంస్థ తయారుచేసిన ఎవర్‌సెన్స్ 365 అనే సెన్సర్‌కు 2024 సెప్టెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. సుమారు 18 మిల్లీమీటర్ల పొడవు, 3.5 మిల్లీమీటర్ల మందం ఉండే ఆ చిన్న గొట్టాన్ని డాక్టరు జబ్బ మీద చిన్న గాటు పెట్టి చర్మం కింద అమరుస్తారు. అయితే అది ఒంటరిగా పనిచేయదు. దాని పైన, చర్మం మీద ఒక ట్రాన్స్‌మిటర్‌ను అతికించుకోవాలి, దాన్ని ఛార్జ్ చేసుకోవాలి. రీడింగ్ సరిచూసేందుకు మొదట్లో రోజూ, తర్వాత వారానికొకసారి వేలు పొడుచుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ అనుమతి 18 ఏళ్లు నిండినవారికే. మా వాడి లాంటి పిల్లలు ఆ గీతకు అవతలే ఉన్నారు.

పరిశోధన ఇంకా ఎందుకన్న ప్రశ్నకు శరీరమే జవాబు చెబుతుంది. కాలిలో ముల్లు విరిగి ఉండిపోతే దాని చుట్టూ కండ గట్టిపడటం మనకు తెలిసినదే. సెన్సర్ విషయంలోనూ అదే జరుగుతుంది: ముందు ప్రొటీన్లు దానికి అంటుకుంటాయి, తర్వాత రక్షణ కణాలు చేరతాయి, క్రమంగా పీచులాంటి పొర గోడ కడుతుంది, ఆ గోడ దాటి గ్లూకోజ్ సరిగా అందక సెన్సర్ చెప్పే అంకె తప్పుతుంది. శరీరం చూపే ఈ ప్రతిఘటనను అణచడానికే ఎవర్‌సెన్స్ చుట్టూ డెక్సామెథసోన్ మందును కొద్దికొద్దిగా వదిలే పట్టీ ఉంటుంది. ఈ సెన్సర్‌కు అమెరికాలో 2018లో అనుమతి వచ్చినప్పుడు దాని ఆయుష్షు 90 రోజులు, 2022లో 180 రోజులు, 2024లో 365 రోజులు. తొమ్మిది నెలల ఆయుష్షు పెంచడానికి ఆరేళ్లు పట్టిందంటే పని ఎంత కష్టమో, ఇంకా ఎంత మిగిలి ఉందో ఊహించవచ్చు.

ప్రైవేటు డబ్బుతోనే వచ్చిందన్న వాదనకు చరిత్ర ఒప్పుకోదు. గ్లూకోజ్‌ను కొలిచే ఎంజైమ్ ఎలక్ట్రోడ్ ఆలోచనను 1962లో ముందుకు తెచ్చిన లీలండ్ క్లార్క్, అప్పట్లో అలబామా వైద్య కళాశాలలో పనిచేస్తున్న శాస్త్రవేత్త. షుగర్‌ను అంత దగ్గరగా గమనించాలన్న అవసరాన్ని రుజువు చేసింది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థల నిధులతో 1983 నుంచి 1993 వరకు టైప్ 1 ఉన్న 1,441 మందిపై జరిగిన డీసీసీటీ అధ్యయనం. షుగర్‌ను కట్టుదిట్టంగా ఉంచితే కంటిజబ్బు ముప్పు 76 శాతం తగ్గుతుందని అది చూపించింది. అదే అధ్యయనం, అలా ఉంచినవారిలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం సుమారు మూడు రెట్లు పెరిగిందని కూడా చెప్పింది. ఆ రెండో ఫలితం మా ఇంట్లో రాత్రి రెండు గంటలకు కనిపిస్తుంది: అక్క సెల్‌ఫోన్ వెలుగులో నిద్రపోతున్న పిల్లవాడి వేలు పట్టుకుని, నల్లచుక్కలు పడని చోటు వెతుకుతుంది.

1997లో అమెరికా కాంగ్రెస్ టైప్ 1 పరిశోధనకు ఏటా 3 కోట్ల డాలర్లతో ప్రత్యేక నిధి ఏర్పాటు చేసింది. 2004 నుంచి దాన్ని 15 కోట్లకు పెంచింది. సెన్సర్ చెప్పే అంకెను బట్టి, ఒంటికి పెట్టుకునే ఇన్సులిన్ పంపు తానే మోతాదు మార్చే విధానం మీద ప్రభుత్వ నిధులతో 168 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి; షుగర్ అదుపులో ఉండే సమయం రోజుకు సుమారు రెండున్నర గంటలు పెరిగింది. కంపెనీల పాత్రను నేను తక్కువ చేయడం లేదు. అయితే, కన్నీటిలో గ్లూకోజ్ కొలిచే లెన్స్‌ను 2014లో ఆర్భాటంగా ప్రకటించిన గూగుల్, ఆ పని 2018లో ఆగిపోయాక వేరే దారి చూసుకుంది. లాభం కనిపించని చోట ఆగిపోవడం వ్యాపారానికి సహజం. అలాంటి చోట కూడా ముందుకు నడిపేది ప్రజల సొమ్మే.

ఒరిగేదేమీ లేదన్న మాటకు 2008లో వెలువడిన మరో అధ్యయనం చాలు. టైప్ 1 పిల్లల తల్లిదండ్రులు 1970లో స్థాపించిన జేడీఆర్‌ఎఫ్ సంస్థ దానికి నిధులిచ్చింది. ఒంటికి పెట్టుకునే సెన్సర్లు వాడిన 25 ఏళ్లు పైబడినవారిలో మూడు నెలల సగటు షుగర్ స్పష్టంగా తగ్గింది, చిన్నవారిలో తగ్గలేదు. కారణం వెతికితే, వారానికి ఆరు రోజులైనా సెన్సర్ పెట్టుకున్నవారు పెద్దల్లో 83 శాతం, 15–24 ఏళ్లవారిలో 30 శాతమే. ఒంటి మీద ఉంటేనే అది పనిచేస్తుంది. పోయిన మే నెలలో మా వాడికి పద్నాలుగు రోజుల సెన్సర్ పెట్టిస్తే, చెమటకు జిగురు వదిలి తొమ్మిదో రోజున బడిసంచీలో దొరికింది. లోపల అమర్చిన సెన్సర్‌కైతే పైనున్న ట్రాన్స్‌మిటర్ ఊడినా మళ్లీ అతికించుకోవచ్చు, సెన్సర్ పోదు.

ఇక మందుల సంగతి. ఐసీఎంఆర్ 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు. వారికి ముందు ఇన్సులిన్, మాత్రలు అందాలన్నదానితో నాకు పేచీ లేదు. కానీ ఉచిత మందులకు డబ్బు రాష్ట్రాల ఆరోగ్య బడ్జెట్ నుంచి, జాతీయ ఆరోగ్య మిషన్ నుంచి వస్తుంది. పరిశోధన ఖాతా వేరు. 2020–21 లెక్క ప్రకారం అన్ని రంగాలూ కలిపి పరిశోధనకు మనం పెట్టింది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతమే. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇన్సులిన్ ఉచితంగా ఇవ్వాలని ఎవరు వినతిపత్రం రాసినా నేను సంతకం పెడతాను; సెన్సర్ల పరిశోధన ఆపాలన్న వాక్యం అందులో ఉంటే మాత్రం పెట్టను.