వీరులు ఊళ్లోకి వచ్చాక రాజు ఏం చేయాలి?

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఆటగాళ్లు వీరుల పాత్రలు పోషిస్తే, గేమ్ మాస్టర్ వాళ్ల చుట్టూ ఉన్న లోకాన్ని నడిపే ఆట. దాని 2014 రూల్స్‌లో నగర ద్వారం దగ్గర నిలబడే మామూలు కాపలా భటుడికి ఉండే ప్రాణబలం 11 హిట్ పాయింట్లు. ఐదో లెవెల్ మాంత్రికుడు వేసే ఫైర్‌బాల్ సగటున 28 పాయింట్ల డ్యామేజ్ చేస్తుంది. భటుడు సేవింగ్ త్రో, అంటే మంత్రాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక, నెగ్గి సగం తప్పించుకున్నా, మిగతా 14 పాయింట్లు అతన్ని చంపడానికి చాలు. ఒక్క మంత్రంతో గేటు కాపలా మొత్తం బూడిదైపోతుంది. అలాంటి మాంత్రికుడిని పట్టుకుని "పన్ను కట్టి లోపలికి వెళ్లండి" అని భటుడు అంటే, ఆ మాట అతను ఎందుకు వినాలి?

చాలామంది గేమ్ మాస్టర్లు ఇక్కడ భటుడి లెవెల్ పెంచేస్తారు. ఆటగాళ్లు పదో లెవెల్‌కి రాగానే ఊరి కాపలావాళ్లు పన్నెండో లెవెల్ యోధులైపోతారు. ఆ పూటకు గొడవ ఆగుతుంది కానీ ఆ ప్రపంచం మీద నమ్మకం పోతుంది. అంతటి యోధులు గేటు దగ్గరే ఉంటే, పొలిమేరలో గోబ్లిన్లను తరమడానికి రాజు బయటివాళ్లను డబ్బిచ్చి మరీ ఎందుకు బతిమాలుకుంటున్నట్టు? తాము ఎంత ఎదిగినా లోకం కూడా అంతే పెరుగుతుందని తెలిశాక ఆటగాళ్లకు ఎదగడంలో ఆనందమూ ఉండదు. రాజ్యం బలాన్ని భటుడి ఈటెలో వెతకడమే అసలు పొరపాటు. వీరులకు కావలసినవి ఎవరి గుప్పెట్లో ఉన్నాయో అక్కడ వెతకాలి.

తొలితరం రూపకర్తలకు ఇది బాగా తెలుసు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఈ ఆట వార్ గేమ్‌ల లోంచి పుట్టింది కాబట్టి కోటలు, సైన్యాలు వాళ్ల ఆలోచనలో మొదటి నుంచీ ఉన్నాయి. 1978లో వచ్చిన రూల్స్ పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం తొమ్మిదో లెవెల్ యోధుడు 'లార్డ్' అవుతాడు. అతను కోట కట్టుకుని, చుట్టూ 20 నుంచి 50 మైళ్ల మేర ప్రమాదకర జీవులను ఏరిపారేస్తే, సైనికులు తామే వెతుక్కుంటూ వచ్చి చేరతారు. ఆ నేల మీద బతికే ఒక్కో మనిషి తరఫున నెలకు ఏడు వెండి నాణేల ఆదాయం వస్తుంది. చదివితే ఇది ఆటగాడికి బహుమతిలాగే కనిపిస్తుంది. రాజు వైపు నుంచి చూడండి. నిన్నటి దాకా వీపున మూటతో ఎక్కడా నిలవకుండా తిరిగిన ప్రమాదకరమైన మనిషికి ఇప్పుడు చిరునామా ఉంది. పంటలున్నాయి, గాదెలున్నాయి, అతన్నే నమ్ముకున్న జనం ఉన్నారు. అతను తోక ఝాడిస్తే ఎక్కడ నొక్కాలో రాజుకు తెలుసు. తర్వాతి ఎడిషన్లు ఈ పద్ధతిని పక్కన పెట్టేయడం పెద్ద నష్టమని నా అభిప్రాయం. 2024 డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో ఐదో లెవెల్ నుంచి 'బాస్టియన్' పేరుతో సొంత స్థావరం తిరిగి వచ్చింది, సంతోషం. కానీ అందులో వర్క్‌షాపులు, లైబ్రరీల లాంటి వసతులే ప్రధానం. ఏలుకోవలసిన ప్రజలు, పైవాడికి కట్టవలసిన కప్పం అందులో లేవు.

ఇదే ఆట కోసం కల్పించిన ఫర్గాటెన్ రెల్మ్స్ లోకంలోని కార్మీర్ రాజ్యానిది మరో దారి. సాహస బృందం ఆయుధాలతో తిరగాలంటే అక్కడ రాజు ఇచ్చే చార్టర్, అంటే అనుమతి పత్రం, ఉండాలి. కత్తి ఒరలోంచి సులువుగా రాకుండా తాడుతో కట్టి ఉంచాలి. ఆ తాడు తెంచడం ఎవరికైనా క్షణంలో పని. అయితే తెంచినవాడు ఎవరో, అతని తోటివాళ్లు ఎవరో రాజ్యం దగ్గర రాసి ఉంటుంది. పైగా చార్టర్ ఉన్న బృందానికి చార్టర్ లేని బృందాలంటే మంట. కబురు మోసే పని వాళ్లే చేసిపెడతారు. దీనికన్నా తెలివైనది ఇలాంటిదే మరో ఆట పాత్‌ఫైండర్ కోసం 2010లో వచ్చిన కింగ్‌మేకర్ కథలోని ఎత్తుగడ. బ్రెవోయ్ దేశం తరఫున వీరుల చేతికి ఒక చార్టర్ వస్తుంది, ఎవరి ఏలుబడిలోనూ సరిగ్గా లేని స్టోలెన్ ల్యాండ్స్‌కు వెళ్లి బందిపోట్లను ఏరేయమని. నెగ్గితే సరిహద్దు భద్రం. ఓడితే పోయేది వాళ్ల ప్రాణాలే. రెండిట్లో ఏది జరిగినా, ప్రమాదకరమైన మనుషులు అప్పటికే దూరంగా వెళ్లిపోయారు.

ఇవన్నీ కల్పనలే కదా అనుకునేవాళ్లు ఇటలీ చరిత్ర చూడాలి. అక్కడి నగర రాజ్యాలు కిరాయి సేనానుల మీద ఆధారపడి బతికాయి, వాళ్లకు భయపడుతూనే బతికాయి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన జాన్ హాక్‌వుడ్ దళం తమ మీద పడకుండా ఉండటానికి 1375లో ఫ్లోరెన్స్ 1,30,000 ఫ్లోరిన్లు చెల్లించుకుంది. తర్వాత అదే ఫ్లోరెన్స్ అతన్ని కొలువులో పెట్టుకుంది, పింఛను ఇచ్చింది, పన్నులు మాఫీ చేసింది. 1394లో అతను చనిపోతే ఘనంగా అంత్యక్రియలు జరిపింది. 1436లో పావొలో ఉచ్చెల్లో చేత అతని చిత్రాన్ని కెథెడ్రల్ గోడ మీద వేయించింది. వెనిస్ తీరు వేరు. తన సేనాని కార్మన్యోలా యుద్ధం సాగదీస్తున్నాడని, శత్రువుతో కుమ్మక్కయ్యాడని అనుమానం రాగానే, మర్యాదగా కబురు పంపి నగరానికి రప్పించింది. 1432లో అందరూ చూస్తుండగా తల నరికించింది. అతని సైన్యం మధ్యకు వెళ్లి పట్టుకోవడానికి ప్రయత్నించలేదన్నది గేమ్ మాస్టర్లు గమనించాలి. ఇక మిలాన్ రిపబ్లిక్ తన రక్షణ కోసం ఫ్రాంచెస్కో స్ఫోర్జాను నియమించుకుంది. కంచే చేను మేసింది. అతను నగరాన్ని ముట్టడించి, ఆకలితో మాడ్చి, 1450లో డ్యూక్‌గా లోపలికి వచ్చాడు. ఒక్క క్యాంపెయిన్‌లో, అంటే చాలా సెషన్ల పాటు సాగే ఒకే కథలో, ఈ మూడూ మూడు నగరాల్లో జరగవచ్చు. ఆటగాళ్లకు ఏ నగరం ఎలాంటిదో ముందుగా తెలియకపోతే ఇంకా బాగుంటుంది.

మంత్రశక్తి ఉన్న లోకంలో పాలకుడికి ఇటలీ నగరాలకు లేని పట్టు ఒకటి దొరుకుతుంది. చావు తర్వాత సంగతి. 2014 రూల్స్‌లో చచ్చినవాళ్లను బతికించే రెయిజ్ డెడ్ మంత్రానికి కనీసం 500 బంగారు నాణేల విలువైన వజ్రం కావాలి, పోయిన పది రోజుల్లోపే మంత్రం పడాలి. ప్రతిసారీ ఆ వజ్రం ఖర్చైపోతుంది. కాబట్టి వజ్రాల వర్తకం మీద రాజముద్ర తప్పనిసరి చేసిన పాలకుడు ఒక్క భటుడిని కూడా కదపకుండా వీరుల పునర్జన్మను తన ఖజానాలో పెట్టుకున్నట్టే. చంపి తప్పించుకోవడమూ అంత తేలిక కాదు. స్పీక్ విత్ డెడ్ మంత్రంతో శవాన్ని ఐదు ప్రశ్నలు అడగవచ్చు. జోన్ ఆఫ్ ట్రూత్ మంత్రం పరిధిలో నిలబడి సేవింగ్ త్రో ఓడిన సాక్షి తెలిసి అబద్ధం ఆడలేడు. గుడిలో ఒక పూజారి ఉన్న ఊరికి కూడా ఈ పాటి దర్యాప్తు అందుబాటులో ఉంటుంది. హత్యకు సాక్షులు లేరని ధీమాగా ఉన్న ఆటగాళ్లకు, చచ్చినవాడే సాక్షి అని తెలిసే క్షణం నాకు ఎంతో ఇష్టం.

మాంత్రికులే తమను తాము కట్టడి చేసుకునే లోకాలూ ఉన్నాయి. 1987లో వచ్చిన ఆర్స్ మ్యాజికా అనే ఆటలో, మామూలు జనం వ్యవహారాల్లో తలదూర్చి తోటి మాంత్రికుల మీదకు ముప్పు తేకూడదని ప్రతి మాంత్రికుడూ ప్రమాణం చేస్తాడు. తప్పితే సొంత సంఘమే వేటాడుతుంది.

ఇంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. రాజ్యం ఎంత తెలివిగా వల పన్నినా, చాలా టేబుళ్ల మీద ఆటగాళ్లు చచ్చేదాకా పోరాడతారు తప్ప లొంగరు. జైలంటే తమ పాత్ర ఆటలోంచి పోయినట్టేనని వాళ్ల టెన్షన్. అందులో తప్పేమీ లేదు. ఆటగాళ్లు నేరస్థుల ముఠాగా ఆడే, 2017లో వచ్చిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ ఈ ముడిని చక్కగా విప్పింది. నేరాలు పెరిగేకొద్దీ ముఠా మీద 'హీట్' పేరుకుంటుంది, అది నిండితే వాంటెడ్ లెవెల్ పెరుగుతుంది. ముఠాలో ఒకరు జైలుకు వెళ్తే వాంటెడ్ లెవెల్ ఒకటి తగ్గి, హీట్ మొత్తం పోతుంది. ఎవరు వెళ్లాలన్నది ముఠా కూర్చుని తేల్చుకునే బేరం. ఏ ఫాంటసీ గేమ్‌లోనైనా ఇలాంటిది పెట్టుకోవచ్చు. జరిమానా, దేశబహిష్కరణ, రాజు కోసం ఎవరూ ఒప్పుకోని ఒక పని, వీటిలో ఏది ఎంచుకున్నా పాత్ర బతికే ఉంటుందని గేమ్ మాస్టర్ మొదటి సెషన్‌కు ముందే చెప్పేయాలి. అప్పుడు ఆయుధం కింద పెట్టడం గురించి కూడా ఆటగాళ్లు కూర్చుని ఆలోచిస్తారు.