సంప్రదాయ యాంత్రిక శాస్త్రం గారికి హద్దురాళ్ల గురించి ఒక విన్నపం

మహారాజశ్రీ సంప్రదాయ యాంత్రిక శాస్త్రం గారికి,

నల్లగొండ నుంచి ఒక జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమ సమాచారం అడగనక్కర్లేదు. ఇంటర్ మొదటి సంవత్సరం పుస్తకంలో సగానికి పైగా మీరే, అంటే న్యూటన్ సూత్రాలే, కాళ్లు బారజాపుకుని కూర్చున్నారు, మీకేం లోటు? తలవంపులు వచ్చింది నాకు.

మొన్న ఆదివారం మా పెద్దమ్మ పోరు పడలేక ఒక ఫంక్షన్ హాలుకు వెళ్లాను. మోకాళ్ల నొప్పులకు కొత్త చికిత్స వచ్చిందన్నారు. మధ్యాహ్నపు ఎండలో పడి వెళితే, కూలర్ ముందు నిలబడి సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకరు మెడలో వేసుకునే బిళ్లలు అమ్ముతున్నారు. అది క్వాంటం బిళ్లట. అందులోని క్వాంటం శక్తి నేరుగా మోకాలి చిప్పలోకి దిగుతుందట. ఎలా దిగుతుందని ముందు వరుసలో ఎవరో అడిగితే ఆయన నవ్వి, "న్యూటన్ కాలం పోయిందమ్మా, ఆయన సూత్రాలు తప్పని వందేళ్ల కిందటే తేలిపోయింది" అన్నారు. హాలంతా తలలూపింది. మా పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"ఏమిరా, నువ్వు కాలేజీలో చెప్పేది ఆ న్యూటన్‌నే కదా?"

"బిళ్ల పచ్చి మోసం పెద్దమ్మా."

"బిళ్ల సంగతి తర్వాత. న్యూటన్ తప్పా, ఒప్పా?"

"ఒక హద్దు వరకు ఒప్పు."

"అయితే హద్దు అవతల ఈ సారుదే కదా" అని డబ్బు కట్టేసింది.

మహాశయా, ఆ హద్దు గురించే ఈ లేఖ. మా జిల్లాలో ఎకరం చెలక ఉన్న రైతు కూడా నాలుగు మూలలా హద్దురాళ్లు పాతుకుంటాడు. మీరు 1687 నుంచి విశ్వమంతా దున్నుకుంటున్నారు, ఒక్క రాయీ పాతలేదు. మీ గురుత్వాకర్షణ నియమానికి ముందు 'విశ్వ' అని తగిలించుకున్నారు. పిల్లలు ఏడాదంతా మిమ్మల్ని వల్లె వేశాక, రెండో ఏడాది చివర్లో, సిలబస్ తరుముతున్నప్పుడు, ద్వంద్వ స్వభావమనీ పరమాణువనీ నాలుగు పాఠాలు వచ్చి అంతకుముందు చదివింది ఇక్కడ పనిచేయదంటాయి. ఎక్కడ నుంచి పనిచేయదో అడిగే తీరిక అప్పటికి ఎవరికీ ఉండదు.

చిన్న తగాదాలు ముందు తీర్చేస్తాను. 1846లో యురేనస్ నడక తడబాటు చూసి, ఫలానా చోట ఇంకో గ్రహం ఉండాలని ఫ్రెంచి ఖగోళవేత్త లెవెరియే మీ సూత్రాలతో లెక్కకట్టి పంపాడు. బెర్లిన్‌లో గాలే ఆ ఉత్తరం అందిన రాత్రే దూరదర్శిని తిప్పి, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్‌ను పట్టుకున్నాడు. భేష్. ఆ గర్వం తలకెక్కి, 1859లో బుధుడి కక్ష్య మీ లెక్కకు లొంగనప్పుడూ అదే మంత్రం వేయించారు. సూర్యుడి పక్కన కనబడని గ్రహం ఉందన్నారు, వల్కన్ అని నామకరణం కూడా జరిగింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) ఆ తేడాను 1915లో ఐన్‌స్టీన్ ఏ గ్రహం సాయమూ లేకుండా సరిచేశాడు.

కొలిమిలో పెట్టిన ఇనుము ముందు ఎర్రబడుతుంది, తర్వాత పసుపు రంగుకు తిరుగుతుంది. ఎందుకు? శక్తిని అన్ని రకాల కంపనాలకూ సమానంగా పంచే మీ పంపకం ప్రకారమైతే వేడెక్కిన ప్రతి వస్తువూ అతినీలలోహిత కిరణాలను అంతూపొంతూ లేకుండా కక్కాలి, కమ్మరి ఆ పక్కనే మాడి మసైపోవాలి. 1900 డిసెంబరులో ప్లాంక్ శక్తిని ముక్కలు చేసి లెక్కపెడితే గాని ఆ ఎరుపు ఎవరికీ అర్థం కాలేదు. ఇక లాప్లాస్ 1814లో మీ తరఫున ఇచ్చిన హామీ ఉంది: అన్ని కణాల స్థితీ, వాటి మీది బలాలూ తెలిస్తే భవిష్యత్తంతా కళ్లముందు ఉంటుందని. కణం స్థానమూ వేగమూ రెండూ ఒకేసారి కచ్చితంగా తెలియవని చెప్పి 1927లో హైసెన్‌బర్గ్ ఆ కాగితం చించేశాడు. హామీలు చిరిగిపోవడం చూసి చూసి ఉన్నవాళ్లం కనుక దానికి పెద్దగా బాధపడలేదు.

రాయి సంగతి మాత్రం వదిలిపెట్టలేను.

నల్లగొండలో ఏ దిక్కున చూసినా రాయే. ఏటా పిల్లలను నాగార్జునసాగర్ తీసుకెళ్తాం. 124 మీటర్ల ఎత్తున రాతితో కట్టిన ఆనకట్ట, 26 గేట్లు. అక్కడ మీ భట్రాజును నేనే. వంద మీటర్ల లోతున నీరుంటే అడుగున ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు వంద టన్నుల బరువంత ఒత్తిడి పడుతుందనీ, అంత తోపుడుకూ ఆనకట్ట బోర్లా పడకుండా సొంత బరువుతో ఎలా ఆనుకుని నిలుస్తుందో చూడండనీ నోటు పుస్తకంలో గీసి చూపిస్తాను. లెక్క అందంగా సరిపోతుంది. పోయినసారి ఒక అమ్మాయి గోడ మీద అరచేయి ఆనించి, "ఆనకట్ట నీటిని ఆపుతోంది సరే, ఈ రాయి నా చేతిని ఎందుకు ఆపుతోంది సార్?" అని అడిగింది.

"అభిలంబ ప్రతిచర్య" అన్నాను.

"అది పేరు కదా సార్" అంది.

పేరే. నీ దగ్గర ఉన్నది ఆ పేరొక్కటే! బల్లను పుస్తకం ఎంత నొక్కితే బల్ల పుస్తకాన్ని అంత తోస్తుందని చెబుతావు, ఎందుకు తోస్తుందంటే మూడో సూత్రం చూపించి తప్పుకుంటావు. రాయిలో ఏముంది? చిటికెడంత చోటులో కేంద్రకాలు, వాటి చుట్టూ ఎలక్ట్రాన్లు. ఆ ఎలక్ట్రాన్‌ను నీకూ మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత సమీకరణాలకూ అప్పగిస్తే ఏమవుతుంది? తిరుగుతూ తిరుగుతూ కాంతిని వెదజల్లి, శక్తి పోగొట్టుకుని, హైడ్రోజన్ పరమాణువులోనైతే సెకనులో పదివేల కోట్ల వంతు కాలంలోనే కేంద్రకంలో పడిపోతుంది. నీ పాలనలో రాయి ఉండదు, రాయి వేసే మనిషీ ఉండడు. నెహ్రూ 1955 డిసెంబరు 10న సాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఆ రాయి ఇంకా అక్కడే ఉందంటే అందులో నీ ప్రమేయం ఏమీ లేదు.

ఒక్కో ఎలక్ట్రాన్ కేంద్రకంలో పడకుండా ఆపేది క్వాంటం నియమాలు. రాయి మొత్తాన్ని కుంగకుండా నిలబెట్టింది వాటిలో పౌలీ 1925లో చెప్పిన నిబంధన. ఏ రెండు ఎలక్ట్రాన్లూ ఒకే స్థితిలో ఉండకూడదు. అందువల్ల అన్నీ కింది స్థాయిలోనే కుప్పపడే వీల్లేదు, పై స్థాయిలకు జరిగి చోటు పట్టుకోవలసిందే. ఆ అమ్మాయి చేయి రాయిలోకి దిగకపోవడానికి ముఖ్య కారణం ఇదీ. పదార్థం తనలోకి తాను కుంగిపోకుండా ఉండటానికి ఈ నిబంధనే ఆధారమని డైసన్, లెనార్డ్ గణితంతో రుజువు చేసేసరికి 1967 వచ్చింది. అది లేకపోతే ఏ రెండు పెద్ద వస్తువులను కలిపినా అణుబాంబు స్థాయిలో శక్తి వెలువడుతుందని డైసన్ అన్నాడు. అదే ఏడాది ఆగస్టు 4న ఇందిరా గాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. రుజువు వచ్చేదాకా రాళ్లు పేర్చబోమని మేస్త్రీలు భీష్మించుకోలేదు కాబట్టి మా పొలాలు బతికాయి.

ఇంత జరిగినా నువ్వు నోరు విప్పవు. నిన్ను రాసినవాడు నయం. మధ్యలో ఏమీ లేకుండా ఒక వస్తువు దూరాన ఉన్న ఇంకో వస్తువును లాగుతుందనడం అసంబద్ధమని న్యూటన్ 1693లో బెంట్లీ అనే మతపండితుడికి రాసిన లేఖలో తానే ఒప్పుకున్నాడు. నువ్వు ఎక్కడ ఆగిపోతావో చెప్పకపోవడం వల్లనే ఆ పక్క జాగా బీడనుకుని బిళ్లలవాడు డేరా వేశాడు. అక్కడ బీడు ఎక్కడిది? పరమాణువుల లెక్క చూసే క్వాంటం శాస్త్రం సాగు నీకంటే కట్టుదిట్టంగా జరుగుతోంది. ఎలక్ట్రాన్ అయస్కాంత భ్రామకాన్ని, అంటే అదెంత బలమైన చిట్టి అయస్కాంతమో చెప్పే అంకెను, లెక్కకట్టి ప్రయోగంతో పోలిస్తే పది అంకెలకు పైగా కలుస్తుంది. అంత నిక్కచ్చి లెక్కలో మోకాలి బిళ్లను ఏ గడిలో వేయాలట? ఈ ప్రశ్న హాలులోనే అడిగేవాణ్ణి, మైకు నా చేతికి ఇవ్వలేదు.

కనుక నా విన్నపం. పుస్తకం మొదటి పేజీలో రెండు రాళ్లు పాతించు. ఒకదాని మీద కాంతి వేగం, సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. రెండోదాని మీద ప్లాంక్ చేసిన శక్తి ముక్కల సైజును నిర్ణయించే ప్లాంక్ స్థిరాంకం, 6.626 × 10⁻³⁴ జౌల్ సెకను. వేగం మొదటిదానికి దగ్గరైనా, వ్యవహారం రెండోది లెక్కకు వచ్చేంత చిన్నదైనా ఇక్కడితో నా పని సరి అని రాయించు. బుధుడి పేరు మీద సూర్యుడి దగ్గర ఇంకో చిన్న రాయి.

నువ్వు పనికిరావని నేను ఎన్నడూ అనను, అనలేను. మిర్యాలగూడ బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో గంటసేపు పరుగెత్తితే, ఆ వేగం వల్ల ఐన్‌స్టీన్ లెక్కలో డ్రైవరు గడియారం వెనకబడేది సెకనులో లక్ష కోట్ల వంతుల్లో ఐదారు వంతులు. మా బస్సుల ఆలస్యం ముందు అదెంత! 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగిన చంద్రయాన్-3 దారి లెక్కలోనూ బరువంతా మోసింది నువ్వే. ఫోన్లో దారి వెతకడంలో మాత్రం నిన్ను ఒంటరిగా నమ్మను. ఆ దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు, ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం, నేల మీది వాటికంటే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. సరిదిద్దకపోతే రోజుకు పది కిలోమీటర్ల తప్పు పేరుకుంటుంది, నల్లగొండ నడిబొడ్డున గడియారం సెంటర్ అని వెతికినవాణ్ణి ఊరి అవతలి పానగల్లు కూడా దాటించేస్తుంది.

వచ్చే వారం మొదటి సంవత్సరానికి ప్రక్షేపకాలు, అంటే విసిరిన వస్తువుల దారి, మొదలుపెడుతున్నాను. గాలి నిరోధం లేదనుకుందాం అని ఎప్పటిలాగే నీకోసం అబద్ధం ఆడతాను. పరవలయం బోర్డు మీద వంపు తిరిగేటప్పుడు ఎప్పటిలాగే ముచ్చటపడతాను కూడా.

ఇట్లు,
తమ జీతగాడు

తా.క.: వల్కన్ గ్రహం ఎక్కడైనా తటస్థపడితే వెంటనే తెలియజేయగలరు. 1859 నుంచి ఎదురుచూస్తున్నాం.